ముఖాన్ని గీసి దాచడం: గుర్తింపు, గోప్యతల మీద ఒక తైలవర్ణ చిత్రం, మొదటి నుంచి చివరి దాకా

ముఖం మీద నల్ల పట్టీ ఒకటి గీసి, ఇది ప్రైవసీ గురించిన చిత్రం అంటే చూసేవాళ్లకు పట్టీ ఒక్కటే కనిపిస్తుంది. దాని వెనక మనిషి ఉన్నట్టు అనిపించదు. చిత్రకారుడు ఆ మనిషిని గీయనేలేదు కాబట్టి అనిపించకపోవడమే సహజం. ఈ తరహా చిత్రానికి నేను నమ్మే పద్ధతి ఒక్కటే: ముందు మనిషిని పూర్తిగా గీయాలి, ఆ తర్వాతే దాచాలి. అలా చేస్తే కనుబొమ్మ ఎత్తు, చెంప మీది వెలుగు, పెదవి మూల పై పొర కింద నుంచి కూడా పనిచేస్తూనే ఉంటాయి. చూసే కన్ను వాటికోసం వెతుకుతుంది. కొన్ని అందుతాయి, కొన్ని అందవు.

దీనికి ఆయిల్ రంగులే ఎందుకంటే, అవి నెమ్మదిగా ఆరతాయి. నీళ్ల రంగు నీరు ఆవిరైతే ఆరిపోతుంది. నూనె రంగు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడాలి, దానికి రోజులు పడుతుంది. ఆ లోపు గీసినదాన్ని తుడవొచ్చు, గీకొచ్చు, అలకొచ్చు. ఆరాక దాని మీద పలుచని పారదర్శక పొరలు వేయొచ్చు. గోప్యత గురించి ఆలోచించే చిత్రకారుడికి ఇంతకంటే అనువైన మాధ్యమం నాకు తెలియదు.

ఆయిల్ రంగులతో కొంత పరిచయం ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఎవరి నుంచి దాస్తున్నారు?

కాన్వాస్ కొనకముందే ఈ ప్రశ్నకు ఒక వాక్యంలో జవాబు రాసుకోండి. "ఈమె తన ఇంట్లోవాళ్ల నుంచి ఒక సంగతి దాచుకుంటోంది." "ఇతను కెమెరాల నుంచి దాక్కుంటున్నాడు." "ఈ మనిషి తనను తాను చూసుకోవడానికే ఇష్టపడటం లేదు." మూడూ గోప్యతే, కానీ మూడు వేరువేరు చిత్రాలు. కెమెరా అయితే చూపు పై నుంచి పడుతుంది, వెలుగు చదునుగా ఉంటుంది, మనిషి ఫ్రేములో ఒక మూలకి జరిగిపోతాడు. ఇంట్లోవాళ్లయితే తలుపు, కిటికీ, గది మూల ముఖ్యమవుతాయి. చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నది ఈ వాక్యమే తేలుస్తుంది. అది లేకుండా మొదలుపెట్టిన చిత్రంలో దాచడం ఒక అలంకారంగా మిగిలిపోతుంది.

భారతీయ చిత్రకారుడు భూపేన్ ఖఖ్ఖర్ 1981లో గీసిన 'యూ కాంట్ ప్లీజ్ ఆల్' ఒకసారి చూడండి. అది ఇప్పుడు లండన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉంది. బాల్కనీలో ఒక మనిషి నగ్నంగా నిలబడి ఉంటాడు. కింద వీధిలో తండ్రి, కొడుకు, గాడిద పాత నీతికథ నడుస్తుంటుంది. అందరినీ మెప్పించబోయి అవస్థపడే కథ అది. తన లైంగిక గుర్తింపును ఖఖ్ఖర్ బయటపెట్టిన చిత్రంగా దీన్ని చెప్పుకుంటారు. అందులో ముఖానికి ముసుగు లేదు. లోపలికీ వీధికీ మధ్య ఒక బాల్కనీ, లోకం వైపు చూసే ఒంటరి మనిషి, అంతే. గోప్యతను స్థలంతో కూడా చెప్పొచ్చని దీన్ని చూస్తే తెలుస్తుంది.

రెండో మెట్టు: మోడల్‌తో మాట్లాడండి

గోప్యత మీద చిత్రం గీస్తూ, ఎదురుగా కూర్చున్న మనిషి గోప్యతను పట్టించుకోకపోతే ఆ పనికి విలువ లేదు. ఈ విషయంలో నేను రాజీపడను. వీధిలో తెలియకుండా తీసిన ఫొటోలు, సోషల్ మీడియా నుంచి దించుకున్న ముఖాలు వాడకండి. మోడల్ దొరక్కపోతే అద్దం ముందు కూర్చుని మిమ్మల్ని మీరే గీసుకోండి.

మాట్లాడాల్సినవి ఇవి: చిత్రంలో తనను ఎవరు గుర్తుపట్టినా ఫరవాలేదు, ఎవరు గుర్తుపట్టకూడదు? ఒంటి మీద పుట్టుమచ్చ, టాటూ, గాయం గుర్తు లాంటివి ఉంటే వాటిని ఉంచాలా, మార్చాలా? ప్రదర్శనకు పెట్టొచ్చా, ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా, అమ్మొచ్చా? శీర్షికలో పేరు ఉండొచ్చా? మధ్యలో మనసు మారితే ఏం చేద్దాం? జవాబులు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. స్నేహితులైనా సరే. కాగితం ఉంటే తర్వాత "కాదు" అనడం మోడల్‌కు తేలికవుతుంది.

మూడో మెట్టు: రిఫరెన్స్ ఫొటోలు

వీలైతే ప్రత్యక్షంగా చూసి గీయండి. ఫొటోలు తప్పకపోతే ఫోన్‌లో కెమెరాకు లొకేషన్ అనుమతి తీసేయండి, లేదంటే ఫొటో ఫైల్లోనే ఆ చోటు వివరాలు నమోదైపోతాయి. క్లౌడ్‌లోకి ఆటోమేటిక్‌గా ఎక్కే బ్యాకప్ కూడా ఆపండి. చాలా ఫొటో యాప్‌లు ముఖాలను పోల్చి ఒకే మనిషి ఫొటోలన్నీ ఒక చోటకు చేరుస్తాయి, మీ మోడల్ ముఖం ఆ జాబితాలో చేరడానికి తను ఒప్పుకోలేదు కదా. పాత డిజిటల్ కెమెరా ఉంటే ఇంకా మంచిది. పని అయ్యాక ఫొటోలు తీసేస్తారా, ఉంచుతారా అన్నది కూడా ఆ కాగితంలో రాయండి.

వెలుగు ఒక పక్క నుంచే రానివ్వండి. రెండు వైపులా వెలుగు పడితే ముఖం చదునైపోతుంది, తర్వాత దాచడానికి రూపం మిగలదు.

నాలుగో మెట్టు: చిన్న స్కెచ్‌లు

అరచేతి సైజులో పెన్సిల్ స్కెచ్‌లు పది పదిహేను వేయండి. ఒక్కోదాంట్లో ఒక్కో రకంగా దాచి చూడండి.

వెనక్కి తిప్పడం ఒక దారి. జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ 1988లో గీసిన 'బెట్టీ'లో ఆయన కూతురు తల అటు తిప్పుకుని ఉంటుంది. జుట్టు, భుజం, జాకెట్ మీది పూలు అన్నీ ఎంతో స్పష్టంగా ఉంటాయి, ముఖం ఒక్కటే మనకు దక్కదు. తను చూపించకూడదనుకుందన్న భావన అక్కడ కలుగుతుంది. కప్పడం ఇంకో దారి. బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిట్ 1928 నాటి 'ద లవర్స్'లో తలలకు గుడ్డ చుట్టుకున్న ఇద్దరు ముద్దు పెట్టుకుంటుంటారు. ఇక్కడ దాపరికం ఇద్దరి మధ్యకే వచ్చేసింది. మూడోది చెరపడం: ముఖం ఉంది, కానీ రంగే అలికినట్టు అయిపోయింది. మొదటిదాంట్లో నిర్ణయం మోడల్‌ది, రెండోదాంట్లో గుడ్డది, మూడోదాంట్లో చిత్రకారుడిది. మీరు రాసుకున్న వాక్యానికి ఏది నప్పుతుందో చూసుకోండి.

స్కెచ్ ఎంచుకునేటప్పుడు ముఖాన్ని వేలితో మూసి చూడండి. మిగతా భాగం ఒక్కటే చూసినా మనిషి ఉన్నట్టు అనిపిస్తే ఆ స్కెచ్ తీసుకోండి.

ఐదో మెట్టు: కాన్వాస్

24×30 అంగుళాల కాన్వాస్ చాలు. తల నిజమైన తల కంటే కొంచెం చిన్నగా వచ్చేలా చూసుకోండి. గీకడం, రుద్దడం ఉంటుంది కాబట్టి బట్ట కంటే చెక్క ప్యానెల్ మీద బిగించిన కాన్వాస్ మేలు, కత్తి నొక్కితే లోపలికి పోదు. ఆక్రిలిక్ గెస్సో (కాన్వాస్‌ను రంగుకు సిద్ధం చేసే తెల్లని పూత) మూడు పూతలు వేసి, ఆరాక సన్నని ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దండి. ఆ పైన రా అంబర్ అనే మట్టి గోధుమ రంగును టర్పెంటైన్‌తోగానీ వాసన తక్కువున్న మినరల్ స్పిరిట్‌తోగానీ పలుచన చేసి ఒక లేత పూత. తెల్లని నేల (రంగు వేసే అడుగు పొర) మీద ఛాయల తేడా సరిగ్గా అందదు.

భద్రత గురించి ఇక్కడే చెప్పేస్తాను. కిటికీలు తెరిచి పనిచేయండి. అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండలా చుట్టి చెత్తబుట్టలో పడేయకండి. నూనె ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి మడతల్లో చిక్కుకుని గుడ్డలు వాటంతటవే అంటుకోవచ్చు. నీళ్లలో తడిపి, మూత ఉన్న ఇనప డబ్బాలో వేయండి.

ఆరో మెట్టు: ఒకే రంగుతో అడుగు చిత్రం

బర్న్ట్ అంబర్ ఒక్కదాన్నే పలుచన చేసి ముఖం, మెడ, చేతులు మొత్తం గీయండి. అంబర్‌లో ఉండే మాంగనీస్ వల్ల అది మిగతా రంగుల కంటే త్వరగా ఆరుతుంది, ఒకటి రెండు రోజుల్లో దాని మీద పనిచేయొచ్చు. వెలుగు కావాల్సిన చోట గుడ్డతో తుడిచి కింది నేల బయటపడనివ్వండి. కళ్లు సగం మూసుకుని చూస్తే వెలుగు, నీడ రెండే పెద్ద ముక్కలుగా విడిపోవాలి. విడిపోకపోతే ముందుకు వెళ్లకండి.

ఏడో మెట్టు: ముఖాన్ని నిజాయితీగా గీయడం

ఎలాగూ కప్పేస్తాం కదా అని ఇక్కడ తొందరపడాలనిపిస్తుంది. దయచేసి తొందరపడొద్దు. ఈ ముఖం ఇలాగే వదిలేసినా ఒక మంచి పోర్ట్రెయిట్‌గా నిలబడాలి.

పాలెట్‌లో టైటానియం వైట్, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, ఒక ఎరుపు, పర్మనెంట్ అలిజరిన్, అల్ట్రామరైన్ బ్లూ, బర్న్ట్ అంబర్ చాలు. గోధుమ, నలుపు ఛాయల చర్మానికి బర్న్ట్ సియెన్నా, అల్ట్రామరైన్ కలిపిన మిశ్రమాన్ని ఆధారంగా తీసుకుని ఓకర్‌తో వెలుగులోకి తేవాలి. తెలుపు కలిపి ఛాయ పెంచితే చర్మం బూడిద పట్టినట్టు అవుతుంది. నుదుటి మీద మెరిసే చోట మాత్రం కొంచెం చల్లని తెలుపు వాడొచ్చు.

తెలిసిన ముఖాన్ని గుర్తుపట్టడంలో కనుబొమ్మలు, కళ్ల చుట్టూ ఉండే భాగం చాలా పనిచేస్తాయి. కనుబొమ్మల వంపు, రెండు కనుబొమ్మల మధ్య దూరం సరిగ్గా పట్టుకోండి. తర్వాత ఎంత దాచాలి, ఎంత మిగల్చాలి అనే లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

పై పొరలో నూనె కింది పొరలో కంటే ఎక్కువగా ఉండాలి. నూనె ఎక్కువున్న పొర నెమ్మదిగా ఆరుతుంది, అది అడుగున ఉంటే పైది ముందే గట్టిపడి పగుళ్లిస్తుంది. దాచే పొరలన్నీ దీని మీదే వస్తాయి కాబట్టి ముఖంలో నూనె తక్కువగా, రంగు పలుచగా ఉంచండి.

ఎనిమిదో మెట్టు: దాచడం

అసలు పని ఇదే. కొన్ని పద్ధతులు చెప్తాను, ఒక చిత్రానికి ఒకటి చాలు. ముందు ఒక పాత కాన్వాస్ మీద ప్రయత్నించండి.

అలకడం: 1960ల నుంచి రిక్టర్ ఫొటోల ఆధారంగా గీసిన చిత్రాల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి. రంగు ఇంకా తడిగా ఉండగానే పొడి, మెత్తని వెడల్పు బ్రష్‌తో ఒకే దిశలో లాగుతారు. ఈ పద్ధతి ఎంచుకుంటే ముఖం మొత్తాన్ని ఒకటి రెండు రోజుల్లో పూర్తిచేయాలి, వాల్‌నట్ నూనె లేదా సాఫ్లవర్ నూనె కలిపితే తడి ఎక్కువసేపు ఉంటుంది. బ్రష్ ఆనీ ఆననట్టు ఉండాలి. లాగిన ప్రతిసారీ గుడ్డతో తుడవాలి, తుడవకపోతే నీడలోని రంగు వెలుగులోకి చేరి మొత్తం మట్టి రంగు అయిపోతుంది. అడ్డంగా లాగితే మనిషి పక్కకు కదిలిపోతున్నట్టు, నిలువుగా లాగితే జారిపోతున్నట్టు అనిపిస్తుంది. మొదట మెడ దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్లండి, కళ్లను చివరికి ఉంచండి. ఐదారు లాగులయ్యాక నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. ఇంకొంచెం కావాలి అనిపించినప్పుడే ఆపేయడం మంచిది, మర్నాడు చూస్తే చాలావరకు అదే సరిపోతుంది.

కాగితంతో ఎత్తేయడం: తడి రంగు మీద న్యూస్ పేపర్ పరిచి, అరచేతితో సమంగా నొక్కి, ఒక మూల నుంచి పైకి లేపాలి. మందంగా ఉన్న రంగంతా కాగితానికి వచ్చేసి కాన్వాస్ మీద మనిషి జాడ మిగులుతుంది. దీన్ని 'టాంకింగ్' అంటారు. లండన్‌లోని స్లేడ్ చిత్రకళా పాఠశాలలో బోధించిన హెన్రీ టాంక్స్ పేరు మీద వచ్చిన మాట. ఆయన మొదట సర్జన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలకు గాయాలైన సైనికులను ఆస్పత్రిలో పేస్టెల్స్‌తో గీశారు. అవి వైద్యం కోసం గీసినవి, నలుగురికీ చూపించడానికి తగినవి కావని ఆయనే అనుకున్నారు. ఒక ముఖం ఎవరి కోసం గీయబడింది, చివరికి ఎవరి కంట పడింది అన్న ప్రశ్నకు ఆ బొమ్మలు ఇప్పటికీ నిదర్శనం. ఈ పద్ధతి వాడేటప్పుడు నాకు ఆయనే గుర్తొస్తారు.

కాగితం లేపేది ఒక్కసారే. మళ్లీ నొక్కితే జాడ కూడా పోతుంది. రంగు అంటిన ఆ కాగితం మీద ముఖం తిరగబడి అచ్చయి ఉంటుంది, అదీ మోడల్ పోలికే. దాన్ని ఏం చేయాలో మోడల్‌నే అడగండి.

పలుచని తెర: ముఖం పూర్తిగా ఆరాక చేయాల్సింది. టైటానియం వైట్‌లో కాస్త అల్ట్రామరైన్, కాస్త ఓకర్ కలిపి, ఆల్కిడ్ మీడియంతో (రంగును పలుచన చేసి త్వరగా ఆరనిచ్చే ద్రవం) బాగా పలుచన చేసి, గరుకు బ్రష్‌తో రుద్దినట్టు పూయండి. ముదురు చర్మం మీద ఈ తెలుపు నీలంగా కనిపిస్తుంది, పొగమంచులో దూరపు కొండలు కనిపించినట్టు. ఆల్కిడ్ మీడియం సాధారణంగా ఒక రోజులో ఆరుతుంది కాబట్టి రోజుకొక తెర వేయొచ్చు. మూడు నాలుగు తెరలు చాలు. జింక్ వైట్ మరింత పారదర్శకంగా ఉంటుంది కానీ నూనెలో అది ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారి పగులుతుంది, దాని జోలికి పోకండి.

గుడ్డ కప్పినట్టు గీయాలనుకుంటే ఒక సంగతి: మడతలు ఊహించి గీయకండి. మోడల్ ఒప్పుకుంటే, ఊపిరాడేంత పలుచని గుడ్డ కొద్ది నిమిషాలు కప్పి చూసి గీయండి. ముక్కు కొన, నుదుటి ఎముక, గడ్డం తగిలిన చోట గుడ్డ బిగుతుగా ఉంటుంది, కళ్ల గుంటల్లో వదులవుతుంది. కింద గీసిన ముఖం ఈ బిగుతునంతా మీకు చెప్తుంది.

పిక్సెల్ చదరాలు చాలామంది మొదట ఆలోచించే పద్ధతి. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో లియోన్ హార్మన్ అనే పరిశోధకుడు 1970ల మొదట్లో అబ్రహాం లింకన్ ముఖాన్ని కొద్దిపాటి పెద్ద చదరాలుగా మార్చి చూపించారు. దగ్గర నుంచి చూస్తే బూడిదరంగు గళ్లు. కళ్లు చికిలించినా, దూరం నుంచి చూసినా లింకన్! చదరాలు ముఖాన్ని దాస్తాయన్నది భ్రమ. చిత్రం ఆ భ్రమ గురించే అయితే తప్పక వాడండి: మాస్కింగ్ టేప్‌తో గళ్లు కట్టి, ఒక్కో గడిలో ఉన్న రంగులన్నిటి సగటు ఛాయను కలిపి ఒకే మందంలో నింపాలి. దగ్గరికొస్తే మాయమై, దూరం వెళ్తే ప్రత్యక్షమయ్యే మనిషి వస్తాడు.

పద్ధతి ఏదైనా, ఆరిన రంగును ఉప్పుకాగితంతో పొడిగా రుద్దకండి. కాడ్మియం లాంటి రంగుల ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం. తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి.

ఇంకొకటి మోడల్‌కు ముందే చెప్పాలి. ఆయిల్ రంగు దశాబ్దాలు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా పారదర్శకం అవుతుంది, అడుగున ఉన్నది పైకి తేలొచ్చు. యంత్రాలైతే అంతవరకు ఆగనక్కర్లేదు. పికాసో 1901లో గీసిన 'ద బ్లూ రూమ్' అడుగున బో టై కట్టుకుని, తల చేతికి ఆనించిన గడ్డం మనిషి ఉన్నాడని ఇన్‌ఫ్రారెడ్ చిత్రాల్లో బయటపడింది. గుర్తింపు ఎప్పటికీ తెలియకూడదని మోడల్ గట్టిగా అంటే, కప్పే పద్ధతి వదిలేసి తుడిచేసే పద్ధతి తీసుకోండి.

తొమ్మిదో మెట్టు: మిగతా ఒళ్లు, మిగతా గది

ముఖం వెనక్కి తగ్గాక చూపంతా చేతుల మీద పడుతుంది. వాటిని చిత్రంలో అన్నిటికన్నా స్పష్టంగా గీయండి. గోళ్ల అంచులు, వేలి కణుపుల మీది ముడతలు, మణికట్టు నరం. మనిషి టెన్షన్ అక్కడే తెలుస్తుంది: బొటనవేలు పిడికిలి లోపల ఉందా, బయట ఉందా?

గదిలో వస్తువులు రెండు మూడు మించొద్దు. ఉత్తరం, సర్టిఫికెట్, గోడ మీది ఫొటో లాంటివి పెడితే వాటి మీద చదవగలిగే అక్షరం ఉందేమో చూసుకోండి. కిటికీ అవతల కనిపించే భవనం కూడా ఒక చిరునామాయే.

పదో మెట్టు: ఆరాక చూసుకోవడం

రెండు వారాలు చిత్రాన్ని గోడవైపు తిప్పి ఉంచండి. మళ్లీ చూసినప్పుడు ముదురు రంగులు కొన్నిచోట్ల కాంతి చచ్చి మసకగా కనిపిస్తే, అవిసె నూనెలో కాస్త మినరల్ స్పిరిట్ కలిపి పలుచగా రాసి, మిగిలింది వెంటనే గుడ్డతో తుడిచేయండి. అసలు రంగు తిరిగి వస్తుంది.

ఇప్పుడు మోడల్‌ను పిలవండి. తను ఒప్పుకుంటే, తనను బాగా ఎరిగిన ఒకరికి ఏమీ చెప్పకుండా చూపించండి. భుజం వంపుతో, జుట్టుతో, కూర్చునే తీరుతో గుర్తుపట్టేస్తారు, ఇది చాలా మామూలు. అది మోడల్‌కు సమ్మతమైతే సరే. కాకపోతే భుజం వాలు కొంచెం మార్చండి, జుట్టు అంచును వెనక రంగులో కలిపేయండి. ఒక్కోసారి చెవి ఒక్కటి మారిస్తే చాలు.

చివరి పనులు

శీర్షిక గురించి చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ అనుభవం చాలు. 1884లో పారిస్ సలోన్ అనే చిత్రకళా ప్రదర్శనలో ఆయన ఒక పోర్ట్రెయిట్‌ను పేరు బదులు నక్షత్రపు గుర్తులు (***) పెట్టి ప్రదర్శించారు. ముఖం కళ్లెదుటే ఉంది కాబట్టి ఆమె వర్జీనీ గోత్రో అని అందరికీ తెలిసిపోయింది. భుజం మీంచి జారిన గౌను పట్టీ పెద్ద రభస అయింది, తర్వాత సార్జెంట్ దాన్ని భుజం మీదికి దిద్దారు. ఆమె చనిపోయాక చిత్రాన్ని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకు అమ్మేటప్పుడు కూడా పేరు బయటపెట్టొద్దని కోరారు. 'మేడమ్ ఎక్స్' అన్న పేరు అలా నిలిచింది. శీర్షికలో పేరు దాచి ముఖం చూపించినా, ముఖం దాచి శీర్షికలో ఊరు, వృత్తి చెప్పేసినా ఫలితం ఒకటే. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. కాన్వాస్ వెనక తేదీ, వాడిన రంగులు, మీ సంతకం రాయండి. మోడల్ పేరు రాయాలా వద్దా అన్నది ఆ కాగితం ప్రకారం.

చివరి వార్నిష్‌కు ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగాలి. మందంగా రంగు ఉంటే ఏడాది. మెరిసే వార్నిష్ వేస్తే చూసేవాడి ప్రతిబింబం దాచిన ముఖం మీద పడుతుంది. కొన్ని చిత్రాలకు అది చక్కగా నప్పుతుంది, తెర పద్ధతికి మాత్రం మ్యాట్ వార్నిష్ వేయండి.

ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు తుది చిత్రం ఒక్కటే పెట్టండి. పని జరుగుతున్నప్పటి ఫొటోలు పెట్టాలని చాలా ఉంటుంది, కానీ ఏడో మెట్టు ఫొటో బయటికొస్తే ఎనిమిదో మెట్టు శ్రమంతా వృథా. అమ్మితే, మోడల్‌తో ఉన్న షరతులను కొనేవాళ్లకు ఇచ్చే కాగితంలో కూడా చేర్చి, ఒక కాపీ మోడల్‌కు పంపండి.